బుడమేరు నీళ్లలో నానిన కాంటెస్సాకి ఇంటి షెడ్డులో కొత్త వైరింగ్

బండి 1991 మోడల్ కాంటెస్సా క్లాసిక్ కారు, 1.8 లీటర్ల పెట్రోల్, పాత కృష్ణా జిల్లా ఏపీ 16 సిరీస్ నంబరు. సొంతదారు విజయవాడ సింగ్‌నగర్‌లో ఉండే రిటైర్డ్ లెక్కల మాస్టారు. 2024 సెప్టెంబర్ మొదట్లో బుడమేరు వాగు పొంగినప్పుడు ఇంటి ముందున్న ఈ బండి నాలుగు రోజులు నీళ్లలోనే ఉండిపోయింది. నీరు సీట్లు దాటి, డాష్‌బోర్డుకి బెత్తెడు కింద ఆగింది. అక్టోబర్‌లో దాన్ని క్రేన్ బండి మీద కానూరులోని మా ఇంటికి తెచ్చి, వెనకాల షెడ్డులో దించాం.

నేను ఆటోనగర్‌లో ఇరవై నాలుగేళ్లుగా ఎలక్ట్రికల్ పని చేస్తున్నాను. షాపుకొచ్చిన బండి సాయంత్రానికి వెళ్లిపోవాలి, లేకపోతే రేపటి బండికి చోటుండదు. ఇలాంటి పని అక్కడ కుదరదు. ఒక్కో వైరు పట్టుకుని అది ఎక్కణ్నుంచి ఎక్కడికి పోతుందో చూసుకుంటూ కూర్చోవాలంటే ఇల్లే మేలు. రోజూ షాపు కట్టేశాక రాత్రి ఏడున్నర నుంచి పదింటి దాకా, ఆదివారాలు పూర్తిగా దీని మీదే కూర్చున్నాను. డిప్లొమాలో ఎలక్ట్రికల్ చదువుతున్న మా అబ్బాయి మొదటి రోజు నుంచీ పక్కనే ఉన్నాడు.

కాంటెస్సా గురించి ఈ తరం వాళ్లకి రెండు మాటలు. హిందుస్థాన్ మోటార్స్ వాళ్లు 1984లో తెచ్చారు. రూపం ఇంగ్లండ్‌లోని వాక్స్‌హాల్ వీఎక్స్ కారుది. మొదట్లో అంబాసిడర్ 1.5 లీటర్ల ఇంజినే పెట్టారు, అంత పెద్ద బాడీని అది లాగలేకపోయింది. తరవాత ఇసుజు 1.8 ఇంజిన్ వచ్చాకే బండికి ఊపిరొచ్చింది. 2002లో తయారీ ఆగిపోయింది. పొడవాటి బోనెట్, వెనక చక్రాలకి పవర్ కాబట్టి మనవాళ్లు దీన్ని ముద్దుగా మజిల్ కారు, అంటే కండబలం ఉన్న కారు, అంటారు. అసలు మజిల్ కారు, అమెరికా వాళ్ల 1964 పాంటియాక్ జీటీవోలో ఉన్నది 6.4 లీటర్ల వీ8 ఇంజిన్. దాని పక్కన మన 1.8 చిన్నదే. కానీ బందరు రోడ్డు మీద ఇది వెళ్తుంటే ఇప్పటికీ జనం తల తిప్పి చూస్తారు.

ముందు మాస్టారు చేసిన మంచి పని చెప్పాలి. నీళ్లు తీశాక ఎదురింటి కుర్రాళ్లు "ఒక్కసారి సెల్ఫ్ కొట్టి చూద్దాం మాస్టారూ" అన్నారట. ఆయన తాళం జేబులోంచి తియ్యలేదు. బ్యాటరీ నెగెటివ్ ఊడదీసి పక్కన పెట్టి నాకు ఫోన్ చేశారు. వరదలో మునిగిన బండికి తాళం తిప్పడమంత నష్టం ఇంకోటి లేదు. సిలిండర్‌లో నీళ్లుంటే కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. తడిసిన వైరింగ్‌లోకి కరెంటు పోతే వారం పట్టే తుప్పు ఒక్క పూటలో పడుతుంది.

ఇంజిన్ సంగతి క్లుప్తంగా చెప్తాను. ఆయిల్ పాలు కలిపిన కాఫీలా దిగింది. ప్లగ్గులు తీసి, ఒక్కో సిలిండర్‌లో డీజిల్, ఇంజిన్ ఆయిల్ కలిపి పోసి మూడు రోజులు నానబెట్టాం. నాలుగో రోజు రించ్‌తో క్రాంక్ మెల్లగా తిరిగింది, ఆ రాత్రి నిశ్చింతగా నిద్రపోయాను. హెడ్ దించి వాల్వ్ సీట్లు కట్ చేయించి, రింగులు, బేరింగులు, ప్యాకింగులు అన్నీ కొత్తవి వేయించాం. ఈ పని ఆటోనగర్‌లో నాకు తెలిసిన ఇంజిన్ మేస్త్రి చేశాడు. గేర్‌బాక్సు, డిఫరెన్షియల్ ఆయిళ్లు రెండుసార్లు మార్చాం, మొదటిసారి పోసింది కడగడానికే. బ్రేకు సిలిండర్లన్నీ కొత్తవి. తలుపుల అడుగున, ఫ్లోర్ మూలల్లో తుప్పు తిన్న రేకు కోసి కొత్త రేకు వెల్డింగ్ చేయించి, అదే పాత తెలుపు రంగు కొట్టించాం. రంగు మారిస్తే ఆర్సీలో కూడా మార్పించుకోవాలి, ఆ తిరుగుడు మాస్టారికి ఇష్టం లేదు.

ఇక నా పని. మొదటి ప్రశ్న, పాత వైరింగ్ కడిగి వాడుకోవచ్చా?

పైకి చూస్తే వాడుకోవచ్చు అనే అనిపించింది. వండ్రు మట్టి కడిగేస్తే ఇన్సులేషన్ మెత్తగా, పగుళ్లు లేకుండా ఉంది. ఫ్లోర్ మీదుగా డిక్కీకి వెళ్లే కట్టలో వెనక దీపం వైరు ఒకటి తీసి బ్లేడుతో చీల్చాను. కొన దగ్గర రాగి పచ్చగా కిలుం పట్టింది. రెండంగుళాల లోపలికి కోశాను, నల్లగా ఉంది. జానెడు లోపలికి కోశాను, ఇంకా నలుపే. సన్నని రాగి పోగుల మధ్య నీరు, దీపం వత్తిలోకి నూనె పాకినట్టు, ఇన్సులేషన్ లోపల్లోపలే పైకి పాకిపోయింది. ఆ వైరుకి టంకం పెట్టి చూశాను, పూస పూసగా జారిపోయింది తప్ప రాగికి అంటలేదు. అక్కడితో నిర్ణయం అయిపోయింది. పాతదాంట్లో ఒక్క వైరు కూడా తిరిగి బండిలోకి వెళ్లకూడదు.

కాంటెస్సాకి అని చెప్పి నాకు చూపించిన రెడీమేడ్ కిట్లు రెండు. రెండింట్లోనూ హెడ్‌లైటు వైరు చేత్తో నొక్కితే తెలిసిపోయేంత సన్నం. అందుకే సొంతంగా కట్టాలనుకున్నాం. ఎనిమిదడుగుల ప్లైవుడ్ షీటు తెచ్చి, పాత వైరింగ్ కట్టని దాని మీద బండిలో ఉన్న వంపుల ప్రకారమే పరిచాం. కొమ్మ చీలిన ప్రతిచోటా మేకు కొట్టాం. మా అబ్బాయి రెండొందల పేజీల నోటుబుక్కులో ఒక్కో వైరుకి ఒక్కో వరస రాశాడు: ఎక్కడ మొదలు, ఎక్కడ చివర, రంగు, పొడవు, ఎన్ని వాట్ల లోడు. మొత్తం 63 వైర్లు లెక్క తేలాయి. అందులో ఏడు ఎక్కడికీ పోవు. ఎప్పుడో ఎవరో పెట్టిన ఫాగ్ లైట్లు, అలారం తాలూకు మిగుళ్లు. ఒకటి మాత్రం ఫ్యూజు లేకుండా నేరుగా బ్యాటరీ నుంచి వచ్చి కార్పెట్ కింద టేపు చుట్టి వదిలేసి ఉంది. ఇన్నేళ్లూ ఆ బండి తగలబడకపోవడం మాస్టారి అదృష్టం.

రంగులకి పాత లూకాస్ (ఇంగ్లండ్ ఎలక్ట్రికల్ కంపెనీ) పద్ధతే పాటించాను. బ్యాటరీ నుంచి నేరుగా వచ్చేది బ్రౌన్. తాళం తిప్పాక వచ్చేది తెలుపు, అదే ఫ్యూజు దాటాక ఆకుపచ్చ. హెడ్‌లైటు స్విచ్చి నీలం, పార్కింగ్ లైట్లు ఎరుపు. ఎర్త్, అంటే కరెంటు బ్యాటరీ మైనస్‌కి తిరిగెళ్లే దారి, నలుపు. ఇండికేటర్లకి ఎడమవైపు ఆకుపచ్చ మీద ఎర్రగీత, కుడివైపు ఆకుపచ్చ మీద తెల్లగీత. ఈ వరస ఒక్కసారి కంఠస్థం అయితే అంబాసిడరైనా, ఏ పాత ఇంగ్లీషు బండైనా పుస్తకం లేకుండా చదవొచ్చు. షాపుల్లో ఏ రంగు చేతికొస్తే ఆ రంగు కలిపేస్తారు. నాకది అస్సలు నచ్చదు. పదేళ్ల తరవాత ఆ బండి విప్పేది ఇంకో మెకానిక్. అతనికి మనం రాసిపెట్టే ఉత్తరం ఆ రంగే.

తరవాత లెక్క. డిమ్ బల్బులు రెండు, ఒక్కోటి 55 వాట్లు, మొత్తం 110. పన్నెండు వోల్టుల మీద దాదాపు 9 ఆంప్స్. పాత పద్ధతిలో ఈ కరెంటంతా బ్యాటరీ నుంచి తాళం దగ్గరికి, లైటు స్విచ్చికి, డిమ్-డిప్ స్విచ్చికి, మళ్లీ ముందుకి తిరిగి వస్తుంది. పాత కట్టలో ఈ దారి ఒక్కటీ కిలుం గోకి, బల్ల మీదే బ్యాటరీ పెట్టి కొలిచాను. బ్యాటరీ దగ్గర 12.5 వోల్టులు, బల్బు దగ్గర 10.1. దాదాపు ఐదో వంతు దారిలోనే పోయింది. ఫిలమెంట్ బల్బుకి వోల్టేజి ఐదో వంతు తగ్గితే వెలుతురు ఐదో వంతు తగ్గదు, సగానికి పైగా పడిపోతుంది. కాంటెస్సా హెడ్‌లైట్లు గుడ్డిదీపాలని అందరూ తిట్టుకుంటూ వంద వాట్ల బల్బులు వేస్తారు. అప్పుడు కరెంటు పెరుగుతుంది, దారిలో పోయేదీ పెరుగుతుంది, స్విచ్చి కరిగిపోతుంది.

కొత్తదాంట్లో డిమ్‌కి ఒకటి, బ్రైట్‌కి ఒకటి రిలేలు రేడియేటర్ పక్కనే పెట్టాను. రిలే అంటే చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని కలిపే స్విచ్చి. రిలే పిన్నుల మీద అంకెలుంటాయి: 30కి బ్యాటరీ నుంచి ఫ్యూజు ద్వారా, 87 నుంచి బల్బుకి, 85, 86 స్విచ్చి నడిపే కాయిల్‌కి. స్విచ్చి గుండా ఇప్పుడు పోయేది ఆంపులో ఏడో వంతు మాత్రమే. బల్బు వైరు 2.5 స్క్వేర్ ఎంఎం. నాలుగు మీటర్ల దారికి 1 స్క్వేర్ ఎంఎం వైరు వేస్తే 10 ఆంప్స్‌కి 0.7 వోల్టు పోతుంది, 2.5 వేస్తే 0.3కి మించదు. ఇంజిన్ నడుస్తుంటే డైనమో దగ్గర 13.9, బల్బు దగ్గర 13.5 వచ్చింది. బల్బులు పాత 55 వాట్లవే.

ఫ్యూజుల దగ్గర చాలామంది పొరబడే సంగతి ఒకటుంది. పాత లూకాస్ గాజు ఫ్యూజు మీద 35 అని ఉంటే అది కాలిపోయే అంకె, ఎప్పుడూ మోయగలిగింది 17 ఆంప్సే. ఇప్పటి బ్లేడు ఫ్యూజుల అంకె అలా ఉండదు. 35 చూసి దగ్గర్లో ఉంది కదా అని 30 ఆకుపచ్చ బ్లేడు గుచ్చితే, షార్ట్ అయిన రోజు ఫ్యూజు బతుకుతుంది, వైరు కాలుతుంది. అక్కడ 15 నీలంగానీ 20 పసుపుగానీ పెట్టాలి. ఫ్యూజు కాపాడాల్సింది వైరుని. అందుకే ముందు వైరు సైజు చూసి, తరవాత ఫ్యూజు అంకె రాయమని మా వాడికి చెప్పాను. పన్నెండు గదుల ఫ్యూజు బాక్సు పెట్టి ఎడమ, కుడి హెడ్‌లైట్లకి వేరువేరు ఫ్యూజులు ఇచ్చాను. రాత్రి హైవే మీద ఒకటి పోయినా రెండోది ఉండాలి.

థింబుల్స్, అంటే వైరు కొనలకి తొడిగే లోహపు ముక్కలు, అన్నీ క్రింప్ చేశాను, అంటే ప్లయర్‌తో నొక్కి బిగించాను. టంకం ఎక్కడా పెట్టలేదు. ఈ మాట మీద మా పెద్ద మేస్త్రితో పాతికసార్లు వాదన అయింది. ఆయన దగ్గరే నేను పని నేర్చుకున్నాను, ఆయన పెట్టే టంకం చూస్తే ముచ్చటేస్తుంది. కానీ టంకం పోగుల్లోకి ఎక్కినంత మేరా వైరు కడ్డీలా బిగుసుకుపోతుంది, అది ఆగిన చోట బండి అదురుకి విరుగుతుంది. మంచి క్రింపింగ్ ప్లయర్‌తో నొక్కి, లాగి చూసి, పైన స్లీవ్ వేస్తే అంతకంటే గట్టి జాయింటు నాకు కనపడలేదు.

ఇప్పుడు ఈ కేసులో అసలు పాఠం నేర్పిన రోజు. ఏప్రిల్ రెండో ఆదివారం. అంతా బిగించాం, మాస్టారు కొబ్బరికాయ తెచ్చారు. సెల్ఫ్ కొట్టాను. ఇంజిన్ మూలుగుతూ సగం తిరిగి ఆగింది. బ్యాటరీ కొత్తది. మళ్లీ కొట్టాను, అదే మూలుగు. మా వాడు డాష్‌బోర్డు కింద టార్చి పట్టుకుని పడుకుని ఉన్నాడు. "నాన్నా, స్పీడోమీటర్ కేబుల్ కాలుతోంది" అన్నాడు. చెయ్యి పెట్టి చూశాను. నిజమే, వేడి వేడిగా ఉంది.

స్పీడోమీటర్ కేబుల్‌కి కరెంటుతో పనే లేదు. గేర్‌బాక్సు నుంచి మీటరు దాకా తిరిగే ఉత్త ఇనప తీగ. అది వేడెక్కిందంటే ఒకటే అర్థం. సెల్ఫ్ మోటారులోకి వెళ్లిన వంద, నూట యాభై ఆంప్స్ ఇంజిన్ నుంచి బ్యాటరీకి తిరిగి వెళ్లడానికి దారి లేక, ఆ కేబుల్ పట్టుకుని బాడీలోకి ఎక్కుతున్నాయి.

మల్టీమీటర్ వోల్టుల్లో పెట్టి, ఒక కొన బ్యాటరీ ప్లస్‌కి, ఇంకో కొన సెల్ఫ్ బోల్టుకి పెట్టి అబ్బాయిని తాళం తిప్పమన్నాను. 0.2 వోల్టు. వెళ్లే దారి బాగుంది. తరవాత ఒక కొన బ్యాటరీ మైనస్‌కి, ఇంకోటి ఇంజిన్ బ్లాకుకి. 1.9 వోల్టులు. తిరిగొచ్చే దారి మూసుకుపోయి ఉంది.

తప్పు నాదే. బాడీ వైపు ఎర్త్ బోల్టు కింద రంగు గీకి, మెరిసే రేకు మీద బిగించాను. ఇంజిన్‌ని బాడీకి కలిపే ఎర్త్ స్ట్రాప్ రెండో కొన బిగించిన ఇంజిన్ బ్రాకెట్‌కి ఇంజిన్ మేస్త్రి వేడికి ఆగే వెండి రంగు దళసరిగా కొట్టాడు. అది ఇనుమే అనుకుని దాని మీదే బిగించేశాను. బిగించాక మల్టీమీటర్‌లో బీప్ కూడా చూసుకున్నాను, బీప్ వచ్చింది. బోల్టు మరల్లోంచి కాస్త తగులుతోంది కదా, బీప్‌కి అది చాలు. 150 ఆంప్స్ పోయే దారిలో ఓమ్‌లో వందో వంతు అడ్డున్నా ఒకటిన్నర వోల్టు పోతుంది. ఆ వందో వంతుని చేతి మీటరు ఓముల్లో చూపించదు, సున్నా అనే అంటుంది. లోడు నడుస్తుండగా వోల్టుల్లో కొలిస్తేనే బయటపడుతుంది. బ్రాకెట్ విప్పి, గరుకు కాగితంతో ఇనుము తేలేదాకా రుద్ది, పళ్ల వాషర్ వేసి బిగించి, పైన వ్యాజిలిన్ పూశాను. మళ్లీ కొలిస్తే 0.11. సెల్ఫ్ ఒక్క చుట్టుకే ఇంజిన్ అందుకుంది. మాస్టారు కొబ్బరికాయ కొట్టారు. ఆ ముక్కలు నవులుతూనే బండిలో ఉన్న ఎనిమిది ఎర్త్ పాయింట్లూ విప్పి, ప్రతిదాన్నీ ఇదే పద్ధతిలో మళ్లీ కొలిచాను. ఇంకో రెండు చోట్ల రంగు అడ్డుంది.

అప్పుడే మాస్టారు ఒక పాత సంగతి చెప్పారు. వరదకి ముందు నుంచే, ఏళ్ల తరబడి, బ్రేకు తొక్కితే ఎడమ ఇండికేటర్ మసకగా వెలిగేదట. మూడు షాపుల్లో చూపించారు, ముగ్గురూ ఫ్లాషర్ (ఇండికేటర్‌ని ఆరి వెలిగేలా చేసే డబ్బా) మార్చారు. "ఆ ఫ్లాషర్లు మూడూ దాచాను నాయనా, ఇస్తాను" అన్నారు.

అది కూడా తిరిగొచ్చే దారి జబ్బే. వెనక ఎడమ దీపం గిన్నెలో బ్రేకు, ఇండికేటర్, పార్కింగ్ బల్బులన్నిటికీ కలిపి ఎర్త్ ఒక్కటే. అది తెగితే బ్రేకు బల్బులోంచి వచ్చిన కరెంటు గిన్నెలోనే చిక్కుకుని ఇండికేటర్ బల్బులోకి వెనక నుంచి ఎక్కుతుంది. అక్కణ్నుంచి దాని వైరు పట్టుకుని ముందుకొచ్చి, ముందున్న ఎడమ ఇండికేటర్ బల్బు గుండా ఎర్త్ చేరుతుంది. దారిలో ఉన్న బల్బులన్నీ తలా కాస్త పంచుకుంటాయి కాబట్టి అన్నీ మసకే. ఫ్లాషర్ ఎన్నిసార్లు మార్చినా ప్రయోజనం ఉండదు. మా షాపుకొచ్చే పాత బండ్లలో లైట్ల ఫిర్యాదు ఏదైనా నేను ముందు నల్ల వైరు దగ్గరికే వెళ్తాను. కరెంటు వచ్చే దారి అందరూ టెస్ట్ ల్యాంపు పెట్టి చూస్తారు, పోయే దారి బాడీయే కదా అని వదిలేస్తారు. ముప్పై ఏళ్ల తుప్పు, పుట్టీ, రంగు పొరలు ఉన్న బాడీని నమ్ముకోకూడదని నా మాట. అందుకే ఈ బండిలో వెనక దీపాలకి రేకు మీద ఆధారపడకుండా, కట్టలోనే నల్ల వైరు ఒకటి ముందు నుంచి వెనక్కి వేశాను.

ఖర్చు కూడా అడుగుతారు కాబట్టి చెప్తాను. వైరింగ్ సామానుకి, అంటే వైర్లు, ఫ్యూజు బాక్సు, రిలేలు, థింబుల్స్, స్లీవులు, కేబుళ్లు అన్నీ కలిపి 14 వేల చిల్లర అయింది. వైరింగ్‌కి పట్టిన కాలం ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా. తాళం తీసేశాక బ్యాటరీ నుంచి లాగే కరెంటు 15 మిల్లీ ఆంప్స్, అది స్టీరియో జ్ఞాపకానికి. కాగితాల మాటకొస్తే, పదిహేనేళ్లు దాటిన సొంత బండికి ఐదేళ్లకోసారి రిజిస్ట్రేషన్ రెన్యూవల్ ఉంటుంది. వింటేజ్ కింద నమోదు చేయించాలంటే యాభై ఏళ్లు దాటాలి, దీనికి ఇంకా చాలా టైముంది.

అసలు పరీక్ష రోహిణి కార్తెలో పెట్టాం. రోళ్లు పగిలే ఎండ అంటారు కదా, వైరింగ్ బలహీనంగా ఉంటే ఆ వారంలోనే తేలిపోతుంది. మధ్యాహ్నం రెండింటికి కానూరు నుంచి బయల్దేరి, బెంజ్ సర్కిల్ ట్రాఫిక్‌లో అరగంట నిలబడి, దుర్గమ్మ ఫ్లైఓవర్ ఎక్కి గొల్లపూడి దాకా వెళ్లాం. హెడ్‌లైట్లు కావాలనే వేసి ఉంచాను. దిగి రిలేలు, ఫ్యూజు బాక్సు, తాళం వెనక కనెక్టర్ చేత్తో పట్టుకుని చూశాను. ఎండ వేడి తప్ప కరెంటు వేడి ఎక్కడా లేదు.

తిరిగొచ్చాక చీకటిపడింది. మాస్టారు డ్రైవింగ్ సీట్లో కూర్చుని నన్ను వెనక్కి వెళ్లి నిలబడమన్నారు. బ్రేకు తొక్కారు. రెండు ఎర్రదీపాలూ భగ్గున వెలిగాయి. ఎడమ ఇండికేటర్ నల్లగా అలాగే ఉంది.

"ఏమోయ్, వెలిగిందా?"

"లేదు మాస్టారూ."

"ఇంకోసారి తొక్కుతా, బాగా చూడు."

ఐదుసార్లు తొక్కారు. మా అబ్బాయి రాసిన నోటుబుక్కుకి అట్ట వేసి డాష్‌బోర్డు పెట్టెలో పెట్టించారు, మూడు పాత ఫ్లాషర్లు నా చేతిలో పెట్టారు.

పెట్రోల్ ముల్లు మాత్రం ఇంకా సగం దగ్గరే ఆగుతోంది. ఫుల్ ట్యాంకు పోసినా అంతే. వైరు, మీటరు రెండూ చూశాను, బాగానే ఉన్నాయి. ట్యాంకులోని ఫ్లోట్ యూనిట్‌కి వరద నీళ్లు తగిలి లోపలి తీగ కిలుం పట్టినట్టుంది. ట్యాంకు ఖాళీ అయ్యాక వచ్చే ఆదివారం దించుతాం.